బిడారు

బిడారు అనగానే తెలుగు చదువుకున్నవారికి ఒంటెలు గుర్తొస్తాయి. సాంఘిక శాస్త్రం పాఠంలో ఎడారి ఉంటుంది, ఆ ఎడారిలో బరువులు మోస్తూ నడిచే ఒంటెల వరుస ఉంటుంది, ఆ వరుస పేరు బిడారు. ఎడారి, బిడారు అని ప్రాస కూడా కుదిరింది కాబట్టి ఆ రెంటికీ పడిన ముడి మరీ బిగిసిపోయింది. ఈ మాట ఏ అరేబియాదో, రాజస్థాన్‌దో అని మనం తీర్మానించుకున్నాం. దీని రూపాన్ని, చుట్టాలను కాస్త పలకరిస్తే దారి ఇసుకలోకి పోదు, నల్లమల కనుమల్లోకి పోతుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమలో ఈ మాట కుటుంబం ఊళ్ల పేర్లలో, పెళ్లి ఇళ్లలో, పిల్లల ఆటల్లో ఇప్పటికీ బతికి ఉంది. నలుగురు సావాసగాళ్లు కలిసి ఊరు దాటి, నాలుగు చోట్ల ఆగి, మళ్లీ ఇల్లు చేరడం గురించి మన భాషకు ఎంత తెలుసో చెప్పే మాట ఇది.

ముందు రూపం చూద్దాం. తెలుగులో పదం మొదట వకారం ఉన్నచోట కన్నడంలో బకారం ఉండడం మామూలు. మన విల్లు వాళ్లకు బిల్లు, మన వేరు వాళ్లకు బేరు, మన వెల వాళ్లకు బెలె, మన వేట వాళ్లకు బేటె. ఆ లెక్కనే మన విడు వాళ్లకు బిడు, మన విడిది వాళ్లకు బిడది. బెంగళూరు పక్కనున్న బిడది ఊరి పేరులోనూ ఆ మాటే వినిపిస్తుంది. కన్నడంలో బిడార అంటే బస, మకాం. బిడార హూడడం అంటే మకాం వేయడం. శివమొగ్గ దగ్గర సక్రెబైలులో ఏనుగులను ఉంచే శిబిరాన్ని నేటికీ ఆనె బిడార అనే పిలుస్తారు. మన బిడారు మొదట్లో ఉన్న బకారం ఈ మాట పడమటి వైపు నుంచి, కనుమలు దాటి వచ్చిందనడానికి గుర్తు. లోపలి ధాతువు మాత్రం ఉభయులదీ: విడు.

విడుచు అంటే వదలడం. వదలడం అనే అర్థంలోంచి ఆగడం, బస చేయడం ఎలా వచ్చాయి? దీనికి జవాబు నిఘంటువు కంటే బండి తోలినవాళ్ల నోట బాగా దొరుకుతుంది. మా వైపు బండి కట్టారంటే బయలుదేరారని, బండి విప్పారంటే ఆగారని అర్థం. కాడి కింద ఎద్దు మెడ పెట్టి ముడి వేస్తే ప్రయాణం, ఆ ముడి విప్పితే విశ్రాంతి. ఎద్దుల వీపు మీది బరువు దించి, వాటిని మేతకు విడిచే చోటు విడిది. ప్రయాణంలో వదిలేది దారిని కాదు, బరువును. అందుకే తెలుగు విడియు అనే క్రియకు మకాం వేయడం అనే అర్థం కుదిరింది. పాత కావ్యాల్లో సేనలు విడిసేది, పెళ్లివారు విడిదింట్లో దిగేది ఈ అర్థంలోనే. ఇప్పటికీ మగపెళ్లివారు వస్తే ముందు అడిగేది విడిది ఎక్కడని. ఆ ఇంట్లో వాళ్లు మూటలు దించుతారు, కాళ్లు కడుక్కుంటారు, అలసట విడుస్తారు.

ఈ ధాతువు అక్కడితో ఆగలేదు. మకాం కొంతకాలం నిలిస్తే అది వీడు అవుతుంది. పాత తెలుగులో వీడు అంటే శిబిరం, పట్టణం కూడా. తమిళంలో, మలయాళంలో వీడు అంటే ఇల్లే. తమిళంలో అదే మాటకు మోక్షమనే అర్థం కూడా ఉంది. ఇంటికీ ముక్తికీ ఒకే పేరు పెట్టిన ఆ భాష, రెండూ బరువు దించుకునే చోట్లేనని గ్రహించింది. కన్నడ శాసనాల్లో రాజులు నివసించే చోటును నెలెవీడు అన్నారు. నిలిచిన విడిది అన్నమాట. రాజధాని అంటే కదలకుండా నిలిచిపోయిన దండు అనే స్పృహ అందులో ఉంది.

ఇక మార్కాపురం సీమ పటం తెరిచి చూడండి. అర్ధవీడు ఉంది. పెద్దారవీడు ఉంది. రెండూ మండల కేంద్రాలు. ఆ పేర్ల మొదటి సగం గురించి ఊరూరా వేర్వేరు కథలు చెప్తారు, వాటి జోలికి నేను పోను. చివరి సగం మాత్రం స్పష్టం. బస్సు బోర్డు మీద ఆ పేర్లు చదివేవాళ్లు ఒక పాత విడిదిని రోజూ తలుచుకుంటున్నట్టే. ఆ అర్థంలో వీడు అనే మాట మన వాడుకలోంచి పోయింది, ఊరి పేరులో కూర్చుని ప్రాణం కాపాడుకుంది.

ఈ సీమకు ఈ మాటలతో పని ఎందుకు పడింది? భూగోళం వల్ల. తూర్పున సముద్రం, ఉప్పు. పడమట నంద్యాల మైదానం, దాని వెనక కన్నడ దేశం. మధ్యలో నల్లమల. గిద్దలూరు నుంచి నంద్యాలకు నంది కనుమ మీదుగా ఒక దారి, దోర్నాల నుంచి ఆత్మకూరుకు అడవి నడుమ మరో దారి. బండ్లు పోలేని చోట ఎద్దుల వీపు మీదే సరుకు పోయేది. ఎద్దు వీపున అటూ ఇటూ వేలాడే గోతాన్ని పెరిక అన్నారు. పెరిక ఎద్దుల మీద సుంకాలు కాకతీయుల కాలపు శాసనాలకెక్కాయి. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించింది 1244లో. రేవులో దిగిన సరుకు లోపలి దేశాలకు చేరాలంటే ఎద్దు వీపే దిక్కు. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకం గుడి ఈ సీమలోనే ఉంది. యాత్రికులు నడిచిందీ, వర్తకులు నడిచిందీ ఈ కొండల నడుమనే.

ఈ దారుల్లో పెద్ద బిడార్లు నడిపినవాళ్లు లంబాడీలు. తీరం ఉప్పు పైకి తీసుకుపోయి, పై సీమ ధాన్యం కిందికి తెచ్చారు. ఎద్దుల మీద సరుకు వేసుకుని సాగే ఆ వ్యాపారాన్ని వాళ్లు తమ భాషలో లదేణి అంటారు. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఇలాంటి బిడార్లను చూసి రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులుండేవని, ఇరుకు దారిలో అవి ఎదురైతే అన్నీ దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని అతని మాట. ఆ వరుసలో సరుకు ఒక్కటే లేదు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, పొయ్యిరాళ్లు, దేవుడు, అందరూ అన్నీ ఉన్నాయి. ఊరు ఊరంతా నడిచింది.

ఇక్కడే రెండు మాటలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటిపోయాయి. కన్నడంలో బిడార అంటే ఆగే చోటు. తెలుగులోకి వచ్చాక బిడారు అంటే నడిచే గుంపు అయింది. తండా కథ దీనికి తిరగబడి ఉంటుంది. ఉత్తరాది భాషల్లో టాండా అంటే బంజారాల, అంటే లంబాడీల, ఎద్దుల గుంపు, కదిలే బిడారు. ఇవాళ మనకు తండా అంటే లంబాడీలు స్థిరంగా ఉండే పల్లె. యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు వైపు వెళితే రోడ్డు పక్క బోర్డుల మీద ఆ మాట వరుసగా కనిపిస్తుంది. ఆగినదాని పేరు నడవడం మొదలుపెట్టింది, నడిచినదాని పేరు ఆగిపోయింది. ఈ రెండు మాటల మధ్య ఒక జాతి జీవితం మారిన తీరంతా ఉంది.

ఆ మార్పు హాయిగా జరగలేదు. 19వ శతాబ్దం చివర్లో గుంతకల్లు నుంచి బెజవాడకు మీటరుగేజి రైలుదారి నల్లమలను చీల్చుకుని వచ్చింది. దిగువమెట్ట, చలమ స్టేషన్ల నడుమ దొరబావి లోయ మీద ఎత్తైన వంతెన లేచింది, కొండ కడుపులో సొరంగం పడింది. వారాల తరబడి ఎద్దులు మోసే సరుకును రైలు ఒక్క రాత్రిలో మోసింది. తీరం ఉప్పు అంతకుముందే బ్రిటిష్ సర్కారు గుత్తకిందకు పోయింది. లంబాడీలతో పాటు, ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా అమ్మిన ఎరుకలవాళ్ల బతుకూ తెగిపోయింది. పని పోయిన సంచారులను ఆ సర్కారు అనుమానంతో చూసింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం తర్వాతి రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చి, పుట్టుకనే నేరంగా రాసింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. బిడారు అనే మాట మన నాలుక మీది నుంచి జారి పాఠ్యపుస్తకంలోని ఒంటెల దగ్గరకు చేరింది ఈ కాలంలోనేనని నా నమ్మకం. కళ్లముందు ఎద్దుల బిడారు లేకపోయేసరికి, మాట దూరదేశపు బొమ్మను వెతుక్కుంది.

ఇంగ్లీషువాళ్ల కారవాన్ కూడా ఇలాగే చాలా దూరం నడిచింది. దాని మూలం పారశీకంలోని కార్వాన్, అంటే కలిసి ప్రయాణించే గుంపు. హైదరాబాదులో గోల్కొండకు పోయే దారిలో ఉన్న కార్వాన్ పేట పేరు అదే. వర్తకుల గుంపులు దిగిన చోటది. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరి, మొదట గుంపుకు, తర్వాత పైకప్పు ఉన్న పెద్ద బండికి, చివరికి చక్రాల మీది ఇంటికి పేరైంది. అక్కడ జిప్సీలకు అలాంటి బండే ఇల్లు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు, పిల్లల కథల రచయిత, సరదా ప్రయాణానికని ఒక బండి చేయించుకున్నాడు. దాని పేరు వాండరర్. రెండు గుర్రాలు లాగిన ఆ ఇంట్లో బెర్క్‌షైర్ నుంచి స్కాట్లండు దాకా వెళ్లాడు. 1907లో కారవాన్ క్లబ్ పుట్టింది. కార్లు వచ్చాక ఆ ఇల్లు కారు వెనక తగిలింది. ఇవాళ అక్కడ నలుగురు స్నేహితులు కలిసి వారం రోజులకు ఒక కారవాన్ అద్దెకు తీసుకుని, పల్లె పొలం అంచున నిలిపి, వానలో టీ కాచుకుంటూ, పచ్చిక దారుల్లో నడుస్తూ గడపడం మామూలు సంగతి. అదే బండి జిప్సీకి బతుకైతే, నిలుపుకునే చోటు కోసం చట్టాలతో, పొరుగువాళ్లతో పెనుగులాట. 1968లో బ్రిటిష్ పార్లమెంటు వాళ్లకు నిలుపుకునే స్థలాలు చూపమని చట్టం చేయాల్సి వచ్చింది. మాట ఒకటే, దాని నీడలో సెలవు గడిపేవాళ్లు వేరు, కాలం గడిపేవాళ్లు వేరు. మన తండాలను చూసినవాళ్లకు ఈ తేడా వివరించనక్కర్లేదు.

ఇంగ్లీషు నోట కారవాన్ తల తెగి, తోక మాత్రం వ్యాన్ అయి మిగిలింది. ఆ తోక మన ఊళ్లకూ వచ్చింది. గిద్దలూరులో పది ఇళ్లవాళ్లు కలిసి తిరుపతికి వ్యాను మాట్లాడుకున్నామంటే, ఒక పారశీక మాటలోని చివరి ముక్కను పలుకుతున్నారన్నమాట. మొత్తం మాట, కారవాన్, తెలుగువాళ్లకు వేరే అర్థంతో దొరికింది. సినిమా షూటింగులో హీరో విశ్రాంతి తీసుకునే ఏసీ బస్సును మనం కారవాన్ అంటున్నాం. గుంపుకు పుట్టిన పేరు ఒంటరి గదికి పోయింది. ఈ మాట చేసిన ప్రయాణాల్లో నన్ను బాధపెట్టేది ఇదొక్కటే.

ఎందుకంటే గుంపుకు పేరు పెట్టిన ప్రతి భాషా దాన్ని గౌరవంతోనే పెట్టింది. సంస్కృతంలో బిడారుకు సార్థం అని పేరు. అర్థంతో కూడినది సార్థం. ధనం, ప్రయోజనం, రెండూ ఆ అర్థంలో ఉన్నాయి. దాన్ని నడిపేవాడు సార్థవాహుడు. భారతంలో నలుడు విడిచిపోయిన దమయంతికి అడవిలో ఎదురైన ఆసరా ఒక సార్థమే, రాత్రి ఏనుగులు పడి దాన్ని తొక్కేసినా. యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ఇల్లు విడిచిపోయినవాడికి మిత్రుడెవరు అని. సంస్కృత భారతంలో ధర్మరాజు చెప్పే జవాబు సార్థం. కలిసి నడిచే గుంపే స్నేహితుడన్నమాట. మనం ఇవాళ జన్మ సార్థకమైంది అనే మాటలోనూ స, అర్థం అనే ఆ రెండు ముక్కలే ఉన్నాయి.

తెలుగు దీనికి తన మాట జోడించింది. మా సీమలో స్నేహితుణ్ని సావాసగాడు అంటారు. సహవాసం అరిగి సావాసమైంది. కలిసి ఉండడమే స్నేహం అని ఆ మాట తీర్పు. మరి మనుషులు కలిసి ఉన్నారో లేదో ఎప్పుడు తేలుతుంది? ఎవరి ఇంట్లో వారుంటే తేలదు. ఒకే కప్పు కింద, ఒకే నీళ్ల కుండ చుట్టూ, ఒకే సద్దిమూట ముందు నాలుగు రోజులు గడిపితే తేలుతుంది. కాశీమజిలీ కథల్లో మధిర సుబ్బన్న దీక్షితులు పట్టుకున్న కిటుకు ఇదే. మణిసిద్ధుడికి కాశీ దాకా తోడు కావాలి, పశువుల కాపరి గోపడికి మజిలీకో కథ కావాలి. ఆ బేరం మీద అంత పెద్ద గ్రంథం నడిచింది. మజిలీ అరబ్బీ మంజిల్ నుంచి వచ్చిన మాట. దిగే చోటు అనే దాని అర్థం మన విడిదికి సొంత చెల్లెలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి సుమారు వందమందితో కాశీకి కదిలినప్పుడు అహోబిలం, మహానంది, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వచ్చాడు. నల్లమలకు ఆవలి వాలు అది. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో మేటి అయిన ఆయన పుస్తకం మజిలీ తర్వాత మజిలీగా సాగే ఒక బిడారు దినచర్య.

ఈవలి వాలున మా పెద్దవాళ్ల బిడార్లు చిన్నవి. శివరాత్రికి శ్రీశైలం, చైత్రంలో మార్కాపురం చెన్నకేశవస్వామి తేరు, శనివారాల్లో గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి. ఆ దారికి గూడు బండ్లు కట్టేవారు. వెదురు దబ్బలు వంచి, పైన బొంత చాప కప్పితే గూడు. లోపల వరిగడ్డి పరిచి, మీద దుప్పటి. ఇరుసుకు కందెన, చక్రం జారకుండా చీల, వెనక చొప్ప కట్టలు, ముందు ఉలవల మూట. ఎక్కడ విప్పాలో మనుషులు నిర్ణయించేవారు కాదు, నీళ్లు నిర్ణయించేవి. వాన తక్కువ సీమలో కంభం చెరువు లాంటి నీటి దాపు ఎంత విలువైనదో బండి తోలినవాడికి తెలుసు. అడవిలో ఒంటి బండి పోదు. పులి భయం, దొంగ భయం. నాలుగు బండ్లు చేరితేనే కదలిక. నల్లమలలో యాత్రికులకు చెంచులు తోడు నడిచేవారు. ఇప్పటికీ దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు రోడ్డుకు రాత్రిళ్లు గేటు వేస్తారు, పెద్దపులుల అభయారణ్యం కాబట్టి. గేటు ముందు ఆగిన కార్లు, బస్సులు తెల్లవారేదాకా కూడి ఉంటాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు అక్కడ మంచినీళ్లు పంచుకుంటారు. పాత బిడారు పద్ధతి ఆ గేటు దగ్గర ఇంకా పోలేదు.

ఇక విడు కుటుంబంలో నాకు చాలా ఇష్టమైన మాట చివరికి దాచుకున్నాను: ఆటవిడుపు. వీధిబడుల కాలం నుంచి ఉన్న మాట. పిల్లలు ఆడుకోవడానికి విడిచే సమయం. మార్కాపురం పలక దేశమంతా పోయింది, ఆ పలక మీద అఆలు దిద్దిన పిల్లలందరూ ఆ సమయం కోసం ఎదురుచూశారు. ఇంగ్లీషులో సెలవుకు పండుగ రోజు నుంచి పేరు వచ్చింది. తెలుగు విడుపు నుంచి పేరు తీసింది. అంటే విడిది, బిడారు, విడుపు ఒకే తల్లి పిల్లలు. ఇంగ్లీషువాళ్లు కారవాన్ ఒకచోటి నుంచి, సెలవు మరొకచోటి నుంచి తెచ్చుకుని రెంటినీ పక్కపక్కన పెట్టుకున్నారు. మనకు ఆ రెండూ పుట్టుకతోనే ఒక ఇంటివి. పని విడవడం, ఊరు విడవడం, బరువు విడవడం, ఆగి విడియడం, చివర వీడుకోలు. ఒక సావాసగాళ్ల ప్రయాణం మొదటి నుంచి తుది దాకా ఒక్క ధాతువులో ఉంది.

ఈ ధాతువు చెప్పని ముఖ్యమైన సంగతి కూడా ఉంది. విడుచు అన్న మాటలో విడవకూడనిది ఏదో లేదు. విడాకులూ దాని చుట్టమే. ఏది విడవాలో, ఎవరిని విడవకూడదో మనిషే తేల్చుకోవాలి. బిడారు ఆ లెక్క తేల్చి చెప్పింది: బరువు విడవాలి, తోడు విడవకూడదు. ఎద్దు కుంటితే మిగతా బండ్లు ఆగేవి. చీల విరిగితే ముందు బండివాడు వెనక్కి వచ్చేవాడు. ఎక్కే వాహనం మారినా ఈ నియమం మారనక్కర్లేదు. వ్యానులో ఒకరికి కడుపులో తిప్పితే అందరూ దిగి చెట్టు కింద కూర్చుంటే అది బిడారే. నలుగురూ నాలుగు ఫోన్లలో తలదూర్చి, ఒకే సీట్ల వరుసలో కూర్చుంటే అది వట్టి రవాణా.

కాబట్టి చదివేవారికి నా మనవి ఇది. ఈ మాటను ఒంటెల దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకోండి. స్నేహితులతో కలిసి దోర్నాల దారి పట్టినా, తుమ్మలబైలు అడవి చూడబోయినా, నంది కనుమ దాటి మహానందికి పోయినా, ఇంగ్లండు పల్లెలో మన పిల్లలు చక్రాల ఇల్లు అద్దెకు తీసుకున్నా, దాన్ని టూరు అనో ట్రిప్పు అనో అనకుండా ఒక్కసారి బిడారు అని చూడండి. ఇంట్లో బండి కట్టిన పెద్దలుంటే కాడి నుంచి కందెన దాకా వాళ్ల మాటలు అడిగి రాసిపెట్టండి. ఆ మాటలు తెలిసిన తరం తరిగిపోతోంది. తండా బోర్డు దాటేటప్పుడు, ఈ కొండల్లో దారి వేసినవాళ్ల ఊరది అని వెంట ఉన్న పిల్లలకు చెప్పండి. బిడారు తెలుగు మాట. వాడితే బతుకుతుంది.